బాస్కెట్‌బాల్‌లో త్రో-ఇన్ (కోర్టు బయటి నుంచి బంతిని లోపలికి అందించడం) వేసేవాళ్ల ముందు డిఫెండర్ ఎంత దగ్గరగా నిలబడొచ్చు? చెయ్యి గీత దాటితే ఫౌలేనా?

మీరు అడిగినవి రెండు: ఎంత దగ్గరగా నిలబడొచ్చు, చెయ్యి గీత దాటితే ఏమవుతుంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా రూల్స్ ప్రకారం చెబుతాను.

గీత దగ్గరే నిలబడొచ్చు. చేతులెత్తి ఊపొచ్చు, ఎగరొచ్చు కూడా. కానీ బంతి గీత దాటి కోర్టులోకి వచ్చేదాకా మీ ఒంట్లో ఏ భాగమూ ఆ గీత మీదికి పోకూడదు, వేలి కొస అయినా సరే. గీత కూడా కోర్టు బయటి కిందే లెక్క, కాబట్టి షూ ముందుభాగం గీతను తొక్కినా తప్పే. త్రో-ఇన్ వేసే చోట గీతకూ వెనకున్న గోడకో బోర్డుకో మధ్య 2 మీటర్ల కంటే తక్కువ జాగా ఉంటే, డిఫెండర్ అతనికి కనీసం 1 మీటరు దూరంలో ఉండాలి. ఇరుకు కోర్టుల్లో ఇది ప్రతి మ్యాచ్‌లోనూ వస్తుంది.

నాకు ఈ రూల్ ఒక మ్యాచ్ పోగొట్టుకున్నాకే ఒంటబట్టింది. కొన్నేళ్ల కిందట ఒక టోర్నమెంటులో, నాలుగో క్వార్టర్‌లో 40 సెకన్లు మిగిలాయి. మేం ఒక్క పాయింటు ముందున్నాం. వాళ్లకు సైడ్‌లైన్ దగ్గర త్రో-ఇన్ వచ్చింది. వేసేవాడి మీదికి వెళ్లి నిలబడ్డాను. టెన్షన్‌లో వాడి కళ్లూ బంతీ తప్ప ఇంకేమీ చూడలేదు. బంతి చేతిలోంచి వదులుతాడనగా చెయ్యి చాపాను, గీత దాటింది. వెంటనే విజిల్, టెక్నికల్ ఫౌల్ (ఎదుటివాడికి ఒళ్లు తగలకపోయినా ఇచ్చే ఫౌల్). మొదటిసారికి వార్నింగే కదా ఇవ్వాలని రిఫరీతో వాదించాను. బంతి ఇచ్చేముందే గీత వెంబడి చెయ్యి ఊపి సైగ చేశానని ఆయన చెప్పారు. నిజంగానే చేశారు, నేనే చూడలేదు. ఒక ఫ్రీ త్రోతో (ఎవరూ అడ్డు రాకుండా బాస్కెట్‌లోకి వేసే అవకాశం, ఒక పాయింటు) స్కోరు సమమైంది, త్రో-ఇన్ మళ్లీ వాళ్లకే. అక్కడి నుంచి రెండు పాయింట్లు వేసి గెలిచారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో, ఓవర్‌టైమ్‌లో కూడా చివరి 2 నిమిషాల్లో, ఆ సైగే వార్నింగ్. దాని తర్వాత గీత దాటితే నేరుగా టెక్నికల్ ఫౌలే. మిగతా సమయంలో అయితే మొదటిసారి ఆట ఆపి ఆటగాడిని హెచ్చరిస్తారు, కోచ్‌కీ చెబుతారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ వార్నింగ్ మీ ఒక్కరికే కాదు, మ్యాచ్ అయ్యేదాకా మీ జట్టు మొత్తానికీ వర్తిస్తుంది. మొదటి క్వార్టర్‌లో మీకు పడితే, మూడో క్వార్టర్‌లో మీ జట్టులో ఇంకొకరు అదే పని చేసినప్పుడు టెక్నికల్ ఫౌల్ ఇవ్వొచ్చు. నేనిప్పుడు చిన్న మ్యాచ్‌లకు రిఫరీగా నిలబడుతున్నాను. హెచ్చరిక అందుకున్నవాడు బెంచ్ మీదున్నవాళ్లకు ఆ సంగతి చెప్పడం చాలా అరుదు. దయచేసి చెప్పండి.

ఇంకో చిక్కు ఉంది. వేసేవాడు చేతులు ముందుకు చాపడంతో బంతి గీత దాటి మీ వైపుకు వచ్చిందనుకోండి. అప్పుడు లాక్కోవచ్చా? అమెరికా హైస్కూల్ రూల్స్‌లో లాక్కోవచ్చు. ఆ వీడియోలు చూసే మన పిల్లలు అలా చేస్తున్నారు. ఫిబా రూల్స్‌లో కుదరదు. బంతి అతని చేతుల్లో ఉన్నంతసేపూ, అది కోర్టు మీదికి వచ్చినా సరే, ముట్టుకుంటే త్రో-ఇన్‌కు అడ్డుపడినట్టే.

చివరి 2 నిమిషాల్లో బంతి అందుకోబోయేవాడిని కాచేవాళ్లకూ ఒక మాట. బంతి ఇంకా వేసేవాడి చేతుల్లోనో రిఫరీ దగ్గరో ఉండగా కోర్టులో మీరు కాస్తున్న ఆటగాడిని పట్టుకునో తోసో ఫౌల్ చేస్తే, 2022 రూల్స్ నుంచి దాన్ని త్రో-ఇన్ ఫౌల్ అంటున్నారు. మీ జట్టు ఫౌళ్లు ఎన్నున్నా సంబంధం లేదు, వాళ్లకు ఒక ఫ్రీ త్రో, ఆపైన బంతి కూడా.

మరి చెయ్యి చాపకుండా ఏం చేయాలంటారా? నేనిప్పుడు గీతకు అర అడుగు వెనక్కి నిలబడతాను. ఆ కాస్త ఎడం ఉంటే ఊపులో ముందుకు వాలినా చెయ్యి గీత దాటదు. బాస్కెట్ పడ్డాక వేసే త్రో-ఇన్‌లో తప్ప, వేసేవాడు పక్కలకు మొత్తం 1 మీటరు మించి కదలకూడదు. అందుకే అతను ఎక్కువగా చూసే వైపు ఒక చెయ్యి, నేల బారుగా పాస్ వచ్చే దారిలో ఇంకో చెయ్యి పెడతాను. మనసులో లెక్కపెడుతూ ఉంటాను. అతనికి ఉన్నది 5 సెకన్లే. మూడు దాటేసరికి కంగారు మొదలవుతుంది, చెడ్డ పాస్‌లు అప్పుడే వస్తాయి.

కొందరు వేసేవాడికి పూర్తిగా వీపు తిప్పి, అందుకోబోయేవాడి మీదికి వెళ్తారు. మంచి ఎత్తుగడే, కానీ బేస్‌లైన్ (బాస్కెట్ వెనకున్న గీత) దగ్గర వద్దు. అతను బంతిని మెల్లగా మీ వీపుకు తగిలించి, లోపలికి అడుగుపెట్టి తనే అందుకుని బాస్కెట్ వేసేయొచ్చు, రూల్ ప్రకారం అది సరైనదే. నేను అలా ఒకసారి దెబ్బతిన్నాను. ఇప్పుడు ఒక భుజం అతని వైపే ఉంచి, సగమే తిరుగుతాను.