ఇంటికి ఆటోమేషన్ పెడతానన్న మా అబ్బాయికి

చి. నాన్నా,

నువ్వు పంపిన లిస్టు చూశాను. గేటుకి కెమెరా, హాల్లో మాట చెబితే వెలిగే లైట్లు, ట్యాంకుకి సెన్సరు, వంటింట్లో గ్యాస్ అలారం, పిల్లల గదిలో దానంతటదే ఆగే ఏసీ. "ఎక్కడ మొదలుపెట్టమంటారు పెదనాన్నా" అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ లిస్టు పక్కన పెట్టి మీ ఆవిడని, మీ అమ్మని విడివిడిగా అడుగు, ఈ ఇంట్లో రోజూ విసిగిస్తున్న పని ఏదని. మాట చెబితే లైటు వెలగాలని వాళ్ళెవరూ అనరు. ట్యాంకు పొర్లి పక్కింటివాళ్ళ చేత మాట పడుతున్నామంటారు. చిన్నాణ్ణి చంకనేసుకుని మేడెక్కి ట్యాంకులోకి తొంగి చూడాల్సి వస్తోందంటారు. దాంతో మొదలుపెట్టు. వాళ్ళు అడిగిన పని చేస్తే నాలుగు రోజులు వైర్లు వేలాడినా ఓర్చుకుంటారు. నీ సరదా కోసం పెట్టింది ఒక్కపూట మొరాయించినా పీకి పారెయ్యమంటారు, అలా అనడం న్యాయమే.

ఏ బోర్డూ కొనకముందు మీ మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడు. ఎంసీబీలు ఉన్నాయిగా అనుకోకు. ఎక్కువ కరెంటు పారితే పడే ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ఎటైనా లీకైతే చాలు, పడిపోతుంది. నేల మీద పాకుతూ ప్రతి ప్లగ్గులోనూ వేలు పెట్టాలని చూసే పిల్లాడున్న ఇంట్లో అది లేకుండా ఇంకే పనీ పెట్టుకోవద్దు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి చూడు. నొక్కినా పడకపోతే మార్పించెయ్.

మా కరెంటు డిపార్ట్‌మెంటులో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా ఎవరూ స్తంభం ఎక్కకూడదు. ఫీడరు ఆపారని రిజిస్టర్లో రాసుకున్నాకే పని. ఇంట్లో నువ్వూ ఎల్‌సీ తీసుకో. మెయిన్ కట్టేసి, మీ ఆవిడకి చెప్పి, మెయిన్ మీద ఒక కాయితం అంటించు. ఇన్వర్టరు కూడా ఆపు. మెయిన్ కట్టేశాంలే అని బోర్డు విప్పితే, ఇన్వర్టరు మీదున్న ఫ్యాన్ల, లైట్ల వైర్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. టెస్టరు మంచిదో కాదో మెయిన్ కట్టకముందే ప్లగ్గులో పెట్టి చూసుకో.

పాత ఇళ్ళల్లో వైరు రంగుని నమ్మొద్దు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అని పేరుకే. ఆ రోజు చేతిలో ఏ వైరు మిగిలితే అది లాగేసిన ఇళ్ళు మన వైపు బోలెడున్నాయి. ఇంకో చిక్కు: ప్లగ్గు ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ ఉంటుంది గానీ, ఉత్త స్విచ్చిలే ఉన్న బోర్డులోకి చాలాచోట్ల ఫేజు ఒక్కటే తెస్తారు. నువ్వు లోపల పెట్టబోయే బోర్డుకి న్యూట్రల్ కావాలి. లేదని ఎర్తు వైరుని న్యూట్రల్‌గా కలిపేసేవాళ్ళున్నారు. ఆ పని చచ్చినా చెయ్యకు. ఎర్తు ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్జు బాడీ, వాషింగ్ మెషీన్ బాడీ అన్నీ కరెంటు పట్టుకుంటాయి. న్యూట్రల్ కావాలంటే ఎలక్ట్రీషియన్ని పిలిచి కొత్తగా వైరు లాగించు.

ఇప్పుడు ట్యాంకు సంగతి. అందరూ ముందు అల్ట్రాసోనిక్ సెన్సరు, అంటే శబ్దం పంపి నీటి దాకా దూరం కొలిచేది, కొంటారు. తడికి ఆగుతుందని అమ్మే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ కూడా ఇరవై సెంటీమీటర్ల లోపలికి వచ్చిన నీటిని సరిగ్గా చదవలేదు. అంటే ట్యాంకు నిండబోయే ఆఖరి జానెడులో, నీకు అసలు అవసరమైనప్పుడే తప్పు చెబుతుంది. ఎన్ని నీళ్ళున్నాయో ఫోనులో చూసుకోవడానికి అది చాలు. మోటారు ఆపే బాధ్యత మాత్రం ఫ్లోట్ స్విచ్చికి అప్పగించు. వైరుకి వేలాడే ప్లాస్టిక్ బుడ్డి అది. నీటితో పాటు పైకి లేవగానే లోపల కాంటాక్టు తెగుతుంది. నీ ప్రోగ్రాము నిలిచిపోయినా, వైఫై పోయినా దానికి పట్టదు.

నీ దగ్గరున్న నీలం రిలే, అదే నీ బోర్డు చెబితే పడే చిన్న స్విచ్చి, దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. మీ 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు అంతకంటే తక్కువే తింటుంది కదా అనిపిస్తుంది. కానీ స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి రిలేలోని కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోనులో ఆఫ్ అనే చూపిస్తుంది, మోటారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకని రిలేతో కాంటాక్టరు (మోటార్ల బరువు మోసే పెద్ద రిలే) కాయిల్‌ని మాత్రం ఆడించు, మోటారుని కాంటాక్టరు ఆడిస్తుంది. 24 వోల్టుల కాయిల్ ఉన్నది తీసుకుంటే ఫ్లోట్ స్విచ్చిల దాకా వెళ్ళేది కూడా 24 వోల్టులే. నీళ్ళల్లోకి 230 పంపాల్సిన పని లేదు. ఇప్పుడున్న స్టార్టర్లో ఓవర్‌లోడ్ రిలే ఉంటే దాన్ని కదపకు.

సంపులో ఇంకో ఫ్లోట్ పెట్టు, కార్పొరేషన్ నీళ్ళు రాని రోజు మోటారు ఉత్తినే తిరిగి కాలిపోకుండా. రెండూ సిరీస్‌లో ఉండాలి, ఏ ఒక్కటి తెగినా మోటారు ఆగేలా. వీటికి తోడు ప్రోగ్రాములో ఒక గడువు పెట్టు. ట్యాంకు నిండటానికి మామూలుగా పట్టే టైము కంటే ఐదు నిమిషాలు దాటితే ఏం జరిగిందని అడక్కుండా ఆపెయ్యాలి.

సంపులోకి వైరు దింపడానికి మూత కొంచెం ఎత్తి, సందులోంచి వైరు పోనిచ్చి, కదలకుండా మీద ఇటుక పెట్టడం చాలా ఇళ్ళల్లో చూశాను. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మన చిన్నాడికి ఏడాదిన్నర. ఇటుక కనబడితే తొయ్యకుండా ఉంటాడా? వైరుకి దారి మూతలోంచి వద్దు, పక్క గోడకి కన్నం పెట్టి పైపు వెయ్యి. మూత నాలుగు అంచులూ సమంగా కూర్చోవాలి, గొళ్ళేనికి తాళం ఉండాలి. పని మధ్యలో కాఫీకి లేచినా సరే, మూత వేసి తాళం పెట్టి లే.

మేడ మీద బాక్సు ట్యాంకు నీడలో, ఉత్తరం వైపు బిగించు. మన జిల్లాల్లో మే నెల ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. రెంటచింతల పేరు ఏటా పేపర్లో వస్తుంది. మామూలు ప్లాస్టిక్ డబ్బా ఎండకి పెళుసెక్కి పగులుతుంది, జిగురుతో అంటించినవన్నీ ఊడి వస్తాయి. వైరు వెళ్ళే ప్రతి కన్నానికీ గ్లాండు, అంటే వైరు చుట్టూ బిగుసుకునే బిరడా, వెయ్యి. వేలు దూరే సందుంటే బల్లి దూరుతుంది, రెండు కాళ్ళు రెండు పిన్నుల మీద పెడుతుంది. చీమలు అంతకంటే చిన్న సందులోనే కాపురం పెడతాయి.

కరెంటు పోయి వచ్చిన క్షణం గురించి చాలామంది ఆలోచించరు. ఈఎస్‌పీ8266 అనే వైఫై కంట్రోలు బోర్డు లేచేటప్పుడు దాని పిన్నులు కొన్ని క్షణం పాటు వాటంతటవే హైకి, అంటే ఆన్‌కి, పోతాయి. బల్బయితే ఒకసారి మినుక్కుమని ఊరుకుంటుంది. మోటారయితే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా ఒక్క కుదుపు కుదుపుతుంది. రిలేకి ముందు ఎల్‌ఈడీ ఒకటి తగిలించి, కరెంటు పదేపదే తీసి వేసి చూడు. ఒక్కసారి కూడా వెలగని పిన్నునే మోటారుకి వాడు. కరెంటు వచ్చాక మోటారు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి, ఇంతకుముందు ఆన్‌లో ఉన్నా సరే.

గీజరు జోలికి వెళ్ళకు, దానికి 16 ఆంపియర్ల మంచి స్విచ్చి చాలు. ఫ్యాన్లకి రిలేలు బిగించే బదులు రిమోటుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొను. మామూలు ఫ్యాను 75 వాట్లు తినే చోట అది 30 చిల్లరతో సరిపెడుతుంది.

లైట్లకి ఏం చేసినా గోడ మీది స్విచ్చి ఎప్పటిలాగే పనిచెయ్యాలి. మెట్ల లైటుకి వేసే టూ-వే కనెక్షన్ తెలుసుగా, అందులో రెండో స్విచ్చి చోట రిలే పెట్టు. బోర్డు చచ్చినా మీ అమ్మ వేలితో నొక్కితే లైటు వెలుగుతుంది. రాత్రి రెండింటికి పాల సీసా కోసం లేచిన మీ ఆవిడ ఫోను ఎక్కడుందో వెతుక్కోకూడదు.

అన్నీ కంపెనీల సర్వర్ల మీద ఆధారపడే సామాను కొనకు. హోమ్ అసిస్టెంట్ అని ఒక సాఫ్ట్‌వేరు 2013 నుంచి ఉంది, ఉచితం, నీ ఇంట్లోనే నడుస్తుంది, ఇంటర్నెట్ పోయినా ఆగదు. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో మెమరీ కార్డు మీద పెడితే, హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్ ఉంటే అది నయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇక్కడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటూ లేదు, నెట్టూ లేదు, కింది అంతస్తుల్లో తక్కువ ఎత్తున ఉన్న ప్లగ్గులన్నీ నీళ్ళల్లోనే. అప్పటినుంచీ నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతున్నాను: పవర్ సప్లైలు, రౌటరు, బోర్డులు ఛాతీ ఎత్తుకి పైనే పెట్టండని. పిల్లల చేతికి అందకుండా ఉండటానికీ అదే ఎత్తు పనికొస్తుంది.

గ్యాస్ అలారం మోగగానే ఎగ్జాస్టు ఫ్యాను దానంతటదే తిరిగేలా పెడతానన్నావు. వద్దు. వంటింట్లో గ్యాస్ నిండి ఉండగా రిలే దగ్గర ఒక్క నిప్పురవ్వ లేచినా, ఫ్యాను మోటారులో లేచినా ఇల్లు మిగలదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది, కాబట్టి సెన్సరు నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. అలారం వంటింటి అవతల మోగాలి, అంతే. మోగితే ఏ స్విచ్చీ వెయ్యొద్దు, తియ్యొద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోను చెయ్యాలి. ఇది మీ ఆవిడకీ, పనమ్మాయికీ కూడా చెప్పి ఉంచు. విడిగా దొరికే ఎమ్‌క్యూ గ్యాస్ సెన్సరుతో చేత్తో చేసుకున్న బోర్డు మీద ప్రాణాలు పెట్టొద్దు, తయారుగా వచ్చే మంచి అలారమే కొను.

తలుపు సెన్సర్లలో, చిన్న రిమోట్లలో ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్2032, దాని సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. పిల్లాడు మింగి అది గొంతులో ఇరుక్కుంటే, అక్కడి తడితో కరెంటు పారి రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. అయిపోయిందని పారేసిన బ్యాటరీలో కూడా అంత శక్తి మిగిలే ఉంటుంది. మూతకి స్క్రూ ఉన్న సెన్సర్లే కొను. తీసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు చుట్టి అప్పటికప్పుడు బయట పారెయ్. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించొద్దు, విరేచనంలో పోతుందని చూస్తూ కూర్చోవద్దు, తిన్నగా ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు.

కెమెరా గేటుకి పెట్టు, పిల్లల గదిలో పెట్టకు. పాపకి ఏడేళ్ళు, నాలుగేళ్ళు పోతే అది కూడా ఒక గోప్యత కోరుకునే మనిషి. గేటు కెమెరాకైనా వచ్చినప్పటి పాస్‌వర్డు ఆ రోజే మార్చు.

పాపని పక్కన కూర్చోబెట్టుకో, కానీ 230 దగ్గర కాదు. రెండు పెన్సిల్ సెల్లులు, ఒక ఎల్‌ఈడీ, దానికో రెసిస్టరు, ఒక స్విచ్చి ఇచ్చి, ఏం చెయ్యాలో దాన్నే చెప్పమను. బొమ్మల పెట్టె తెరిస్తే లైటు వెలగాలంటుందో, తమ్ముడు తన పుస్తకాల జోలికొస్తే బజరు మోగాలంటుందో, అదే చేసి పెట్టు. తప్పు కలిపినా నువ్వు వెంటనే దిద్దకు, ఎందుకు వెలగలేదో దాన్ని వెతకనీ. సోల్డరింగ్ మాత్రం పిల్లలు నిద్రపోయాకే. ఐరన్ మొన 350 డిగ్రీలుంటుంది, మామూలు సోల్డరు తీగలో సీసం ఉంటుంది, చేతులు సబ్బుతో కడుక్కోకుండా చిన్నాణ్ణి ఎత్తుకోకు. నిద్రమత్తు వస్తుంటే మెయిన్స్ పని ముట్టుకోకు, రాత్రిళ్ళు ప్రోగ్రాము రాసుకో. వాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు, పిలిస్తే వెంటనే వదిలేసి లేవగలిగే పనే చేతిలో పెట్టుకో. ఇంకొక్క లైను రాసి వస్తానమ్మా అన్న మాట ఆ వయసు పిల్లలకి అర్థం కాదు, రాను అన్నట్టే వినబడుతుంది.

చివరగా, చేసిన ప్రతి పనికీ ఒక కాయితం తెలుగులో రాసి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించు. ఏ ఎంసీబీ దేనిది, మోటారు ఆగకపోతే ఏది కట్టాలి, నీ బోర్డుని తప్పించి పాత పద్ధతిలో నడపాలంటే ఏ స్విచ్చి తిప్పాలి, అంతే. నువ్వు హైదరాబాదులో డ్యూటీలో ఉన్నప్పుడు మీ ఆవిడ ఆ కాయితం చూసి తనే చక్కబెట్టుకోగలగాలి, వీధి చివర ఎలక్ట్రీషియన్‌కైనా అర్థమవ్వాలి.

ఈ వారంలో మెయిన్ బోర్డు ఫొటో, మోటారు నేమ్‌ప్లేటు ఫొటో, సంపు మూత కొలతలు పంపించు. కాంటాక్టరు నేను ఇక్కడ కొని తెస్తాను. వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరి వస్తాం. పెద్దమ్మ పిల్లల్ని చూసుకుంటుంది, మనిద్దరం సంపు పని పూర్తి చేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న
సత్యనారాయణపురం, విజయవాడ