ముడత: తెగులా, పురుగా?

ప్రశ్న: నేను గుంటూరులో వ్యవసాయ డిప్లొమా చదువుతున్నాను. ప్రత్తిపాడు వైపు మిరప పొలాల్లో ఏ పురుగులు కనిపిస్తున్నాయో రిజిస్టర్‌లో రాస్తున్నాం. ఒక రైతు ‘ముడత తెగులు’ అన్నారు, అలాగే రాశాను. మా సార్ అది కొట్టేసి ‘తామర పురుగులు’ అని రాశారు. పురుగు వల్ల వచ్చినదాన్ని తెగులు అనడం తప్పా? నల్లిని కీటకం అనవచ్చా? ‘పచ్చదోమ’ కలిపి రాయాలా, విడదీసి రాయాలా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: రైతు మాట తప్పు కాదమ్మా. మీ సార్ రాసిన పేరూ సరైనదే కావచ్చు. ఆ మాటను కొట్టేయడమే నాకు బాధ కలిగించింది.

పాత వాడుకలో తెగులు అంటే రోగం. మనిషికి వచ్చినా, గొడ్డుకు వచ్చినా, పైరుకు వచ్చినా అదే మాట. ‘నీకేం తెగులు పుట్టిందిరా’ అని ఇప్పటికీ తిడతాం కదా, ఆ తిట్టులో ఉన్నది పాత అర్థమే. పైరు కళ తప్పగానే, కారణం తేలకముందే రైతు నోట వచ్చే మాట అది. వ్యవసాయ శాస్త్రాన్ని తెలుగులో చెప్పేవారు దీన్ని రెండుగా విడదీశారు. బూజు, బాక్టీరియా, వైరస్ వల్ల వచ్చేది తెగులు. పురుగూ నల్లీ తిని, రసం పీల్చి చేసే చేటు చీడ. ఈ తేడా అవసరమే, ఎందుకంటే దీన్నిబట్టే మందు మారుతుంది. కాబట్టి రిజిస్టర్‌లో శాస్త్రం పేరు ఉండాల్సిందే. దాని పక్కన రైతు మాట కూడా ఉండాలి.

ముడత అన్నది పురుగు పేరు కాదు, ఆకు తీరు. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే ‘పై ముడత’, అది ఆకు రసం పీల్చే సన్నని తామర పురుగుల (త్రిప్స్) పని. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే ‘కింది ముడత’, అది నల్లి పని. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కూడా ఆకు ముడుచుకుంటుంది. అక్కడ దోమ చీడ, వైరస్ తెగులు, రెండూ ఒకే మొక్క మీద! అందుకే ఆ రైతు ఏ ముడత అన్నారో అడగకుండా ‘తామర పురుగులు’ అని దిద్దితే, దిద్దుబాటే తప్పు కావచ్చు.

2021లో మన జిల్లా మిరపను నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పుడు గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫాంకు ఆవలి వైపు ఒక పొలానికి వెళ్లాను. రైతు ఒక మిరప పువ్వు కోసి నా చేతిలోని తెల్ల కాగితం మీద రెండుసార్లు తట్టాడు. గసగసాల కన్నా సన్నగా నల్లని గీతలు రాలాయి. రాలి ఊరుకోలేదు, నడిచాయి. ‘ఆకులో వెతుకుతారేంటండీ, ఇది పూలలో కాపురం పెట్టింది’ అన్నాడు. త్రిప్స్ పార్విస్పైనస్ అన్న శాస్త్రీయ నామం ఆయనకు తెలియదు. అయితే అంతకుముందు మిరపలో ఉన్న తామర పురుగుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. అలాంటి మాట మీ రిజిస్టర్‌లోకి ఎక్కకపోతే నష్టం మీకే.

ఇక నల్లి సంగతి. కీటకానికి ఆరు కాళ్లు. మిరప మీది నల్లికి ఎనిమిది, కనుక అది కీటకం కాదు, సాలీడు వైపు చుట్టం. మంచంలో నల్లి మాత్రం కీటకమే. పత్తి మీది పిండినల్లీ కీటకమే. పేరులో నల్లి ఉందని అన్నిటినీ ఒక గాటన కట్టకండి. ‘పురుగు’ అంటే ఈ చిక్కు లేదు, అది విశాలమైన మాట. రాత్రిపూట పామును కూడా ‘పురుగు’ అనే ఊళ్లు మనకున్నాయి. మీ శీర్షిక ‘కీటకం పేరు’ అని ఉంటే ‘చీడ పేరు’ అని మార్చండి, నల్లికీ చోటు దొరుకుతుంది.

దోమలదీ ఇదే కథ. పచ్చదోమ, తెల్లదోమ, కృష్ణా డెల్టా వరిని సుడులు సుడులుగా ఎండగొట్టే సుడిదోమ, వీటిలో ఒక్కటీ దోమ జాతిది కాదు. దోమకు రెండే రెక్కలు, రెక్కలొచ్చిన వీటికి నాలుగు. నిజంగా దోమకు దగ్గరి చుట్టమైన వరి పురుగుకేమో దోమ పేరే రాలేదు! దాని పిల్ల తొలిచిన పిలక ఉల్లికాడలా గొట్టంగా మారుతుంది కాబట్టి రైతు దాన్ని ఉల్లికోడు అన్నాడు. పురుగును కాక పైరును చూసి పెట్టిన పేరు అది, ముడత లాగే.

అందుకే పచ్చదోమను కలిపి రాయండి. ‘పచ్చ దోమ’ అని విడదీస్తే పచ్చగా ఉన్న ఏదో దోమ అనుకుంటారు. కలిపితే అది ఒక పురుగు పేరు. ఎర్రనల్లి, పిండినల్లి, పేనుబంక కూడా అంతే.