బాప్తిస్మం తీసుకుంటే పేరు మార్చుకోవాలా?

అక్కర్లేదు; సింహాచలం, అప్పలరాజు లాంటి పేర్లు విశాఖలో వీధికి నాలుగుంటాయి, బాప్తిస్మం తర్వాత కూడా వాటినే ఉంచుకోవచ్చు. క్రీస్తులో ఉన్నవాళ్ళు నూతన సృష్టి అని బైబిల్ అనేది దేవునితో బంధం గురించి. పాపం క్షమిస్తాను, నా బిడ్డగా చేసుకుంటాను, చావులో కూడా విడిచిపెట్టను అన్న ఆయన మాట మీదే ఆ కొత్త గుర్తింపు నిలబడుతుంది. విశ్వాసి ఆశ పెట్టుకునేదీ ఆ మాట మీదే. ఆధార్‌లో పేరు మారితే ఆ గుర్తింపు పెరగదు, మారకపోతే తగ్గదు.

ఫిలిప్పీ ఊరి క్రైస్తవ సంఘం అపొస్తలుడైన పౌలు దగ్గరికి పంపిన ఎపఫ్రొదితునే చూడండి. ఆ పేరు గ్రీకు దేవత ఆఫ్రొడైటీ పేరు నుంచి వచ్చింది. పౌలు అతన్ని సహోదరుడు, జతపనివాడు అని మెచ్చుకున్నాడు గానీ పేరు సంగతే ఎత్తలేదు. (ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ వాళ్ళలో పునీతుల పేరు పెట్టే ఆనవాయితీ ఉంది, అదీ తప్పనిసరి కాదు.)

ఎక్కువమంది పొరపడేది సౌలు విషయంలో, అంటే ఈ పౌలు విషయంలోనే. దమస్కు దారిలో క్రీస్తు వైపు మారగానే దేవుడు అతనికి పౌలు అని పేరు పెట్టాడనుకుంటారు. నిజానికి ఆ రెండూ అతని పేర్లే, ఒకటి హెబ్రీ పేరు, ఒకటి రోమన్ పేరు. మారిన తర్వాత కూడా, కుప్ర (సైప్రస్) ప్రయాణం దాకా, బైబిల్లోని అపొస్తలుల కార్యములు పుస్తకం అతన్ని సౌలు అనే పిలుస్తుంది.