షట్‌డౌన్ భయంతో 401కె అమ్మేయాలా?

ప్రశ్న: మేం వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంటాం. మా వారు హెచ్‌1బీ వీసా మీద ఒక కన్సల్టింగ్ కంపెనీలో పని చేస్తారు. ప్రాజెక్టు మాత్రం ఫెడరల్ డిపార్ట్‌మెంటుది. నాది హెచ్‌4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగం లేదు. ఖర్చుల కోతపై రెండు పార్టీలూ పట్టు వదలట్లేదు, మళ్లీ షట్‌డౌన్ (బడ్జెట్ పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) అంటున్నారు. బ్యాంకులో 14,000 డాలర్లున్నాయి. నెల ఖర్చు 6,500. తెల్లాపూర్ ఫ్లాట్ ఈఎంఐ 62,000 రూపాయలు విడిగా కట్టాలి. ఎనిమిది నెలల కిందట వేసిన ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (ఇండియా బ్యాంకులో ఎన్నారైల ఫిక్స్‌డ్ డిపాజిట్) 9 లక్షలుంది. 401కె రిటైర్‌మెంట్ ఖాతాలోవి అమ్మేసి క్యాష్‌గా పెట్టమంటారా? ఎఫ్‌డీ తీసేయాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడలు నలుగుతాయన్న మాట నిజమే. కానీ మీ ఇంట్లో నలిగేది 401కె కాదు, జీతం.

2018 డిసెంబర్ 22న మొదలైన షట్‌డౌన్ 35 రోజులు నడిచింది. ఆ రోజుల్లో అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 10 శాతం పెరిగింది. నా దగ్గరికి వచ్చే ఒకాయన సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు అమ్మేసుకున్నారు, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ముఖం మాడ్చుకుంటారు. ప్రతిసారీ పెరుగుతుందని కాదు. షట్‌డౌన్‌ని చూసి అమ్మడానికి మాత్రం కారణం లేదు.

జీతం సంగతి వేరు. ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇవ్వాలని 2019లో చట్టమే వచ్చింది. కాంట్రాక్టర్లకు ఆ హామీ లేదు. అయితే హెచ్‌1బీకి ఒక రక్షణ ఉంది: పని లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా కంపెనీ జీతం ఇచ్చి తీరాలి. అలా ఇవ్వడం భారమనుకున్న కంపెనీ ఉద్యోగమే తీసేయొచ్చు. అక్కడ మొదలవుతుంది అసలు టెన్షన్. 60 రోజుల్లోపు మరో కంపెనీ పిటిషన్ వేయాలి, దానికి లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ అనే ఆమోదపత్రం కావాలి. 2013లోనూ, 2025లోనూ షట్‌డౌన్‌లో ఆ పని ఆగింది. 2018లో ఆ శాఖ బడ్జెట్ ముందే పాసవడంతో ఆగలేదు. కాబట్టి వార్తల్లో ఏయే శాఖల బడ్జెట్లు పాసయ్యాయో చూడండి, నాయకుల తిట్లు కాదు.

ఇంకో మాట. షట్‌డౌన్ తప్పితే గండం గడిచినట్టు కాదు. 2011 ఏప్రిల్ 8న అర్ధరాత్రి గడువుకు గంట ముందు ఒబామా, స్పీకర్ బోనర్ రాజీ పడ్డారు. ఆఫీసులు మూతపడలేదు, కానీ ఒప్పందంలో దాదాపు 38 బిలియన్ డాలర్ల కోత ఉంది. షట్‌డౌన్‌లో ఆగిన ప్రాజెక్టు మళ్లీ మొదలవుతుంది, కోతలో పోయిన ప్రాజెక్టు తిరిగి రాదు. మీ వారి కాంట్రాక్టుకు డబ్బు ఎప్పటివరకు కేటాయించి ఉందో మేనేజర్‌ని ఇప్పుడే అడగమనండి. ముందే నిధులిచ్చినవి షట్‌డౌన్‌లో కూడా నడుస్తుంటాయి.

ఇక లెక్క. 2025 షట్‌డౌన్ 43 రోజులు. మీ 14,000 రెండు నెలలకు సరిపోతాయి, ఈఎంఐ అందులోంచి కట్టకపోతే. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ పైసా రాదు. ఇంకా నాలుగు నెలలే కదా, జీతం ఆగేదాకా ముట్టుకోకండి. ఆగిందా, వడ్డీ పోయినా సరే తీసేయండి. ఆ 9 లక్షలతో 14 నెలల ఈఎంఐ అక్కడే రూపాయల్లో గడిచిపోతుంది. 401కెలో ఈలోగా కంపెనీ ఎంత కలుపుతుందో అంతవరకే వేసి, మిగతాది సేవింగ్స్‌కు మళ్లించండి. లోపలున్నది బయటికి తీస్తే మాత్రం పన్నుతోపాటు 10 శాతం పెనాల్టీ.

చివరగా, కొన్ని చోట్ల జరిగేదే: జీతం తప్పించుకోవడానికి "లీవ్ నేనే అడిగాను" అని మెయిల్ రాయించుకుంటారు. అలా రాసిస్తే బెంచ్ జీతం హక్కు చేజారుతుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా మీ వారిని అలాంటిదేదీ పంపొద్దనండి.