జీఏజీ ఒక్కటి చాలు

ప్రశ్న: సైలెంట్, మిస్‌సెన్స్, నాన్‌సెన్స్, ట్రాన్సిషన్, ట్రాన్స్‌వర్షన్... ఈ మ్యుటేషన్ల (డీఎన్‌ఏ మార్పుల) పేర్లన్నీ బట్టీ పట్టినా పరీక్ష హాల్లో కలగాపులగం అయిపోతున్నాయి. సికిల్ సెల్ అనే రక్తజబ్బు తెచ్చే మార్పును ఒక పుస్తకంలో మిస్‌సెన్స్ అనీ, ఇంకోదాంట్లో ట్రాన్స్‌వర్షన్ అనీ రాశారు. ఏది కరెక్ట్?
- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: రెండూ కరెక్టేనమ్మా. ఒకే మనిషిని ఒకరు పొడుగంటారు, ఇంకొకరు కోపిష్టి అంటారు. అలాగే ఇదీ. ఈ ఐదు పేర్లనూ ఒకే వరసలో నిలబెట్టి డిగ్రీలో నేనూ మార్కులు పోగొట్టుకున్నాను.

డీఎన్‌ఏలో ఏ అక్షరం పోయి ఏది వచ్చిందో చెప్పేవి ట్రాన్సిషన్, ట్రాన్స్‌వర్షన్. ఆ అక్షరాల్లో ఏ, జీ ప్యూరిన్ల జట్టు. సీ, టీ పిరిమిడిన్ల జట్టు. జట్టులోనే మారితే ట్రాన్సిషన్, జట్టు దాటితే ట్రాన్స్‌వర్షన్. మిగతా మూడూ ప్రొటీన్‌కు ఏమైందో చెబుతాయి.

మీరడిగిన సికిల్ సెల్‌నే తీసుకుందాం. బీటా గ్లోబిన్‌లో (హిమోగ్లోబిన్‌లోని ఒక ప్రొటీన్ గొలుసు) ఆరో అమైనో ఆమ్లం గ్లుటమిక్ ఆమ్లం, దాని కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాట) జీఏజీ. (కొన్నిచోట్ల ఏడోది అని ఉంటే కంగారు పడకండి, మొదటి మెథియోనిన్‌నూ లెక్కేశారంతే.) మధ్యలో ఏ పోయి టీ వచ్చింది: జీటీజీ. జట్టు దాటింది కనుక ట్రాన్స్‌వర్షన్; వేరే అమైనో ఆమ్లం, వాలీన్, వచ్చింది కనుక మిస్‌సెన్స్. వాలీన్‌కు నీళ్లంటే పడదు. అందుకే ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా పేరుకుంటాయి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. 146 అమైనో ఆమ్లాల గొలుసులో తేడా ఆ ఒక్కటే! దాన్ని 1957లో పట్టుకున్నది వెర్నన్ ఇన్‌గ్రామ్.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని జీఏజీని మీరే మార్చి చూడండి. మొదటి జీ చోట ఏ రాస్తే ఏఏజీ, అంటే లైసీన్. హిమోగ్లోబిన్ సీ అనే మరో రకం ఇదే. ఇదీ మిస్‌సెన్సే, కానీ ట్రాన్సిషన్. చివరి జీని ఏ చేస్తే జీఏఏ. అదీ గ్లుటమిక్ ఆమ్లమే, కాబట్టి సైలెంట్. మొదటి జీ చోట టీ పెడితే టీఏజీ, స్టాప్ కోడాన్. గొలుసు ఐదింటితోనే ఆగిపోతుంది: నాన్‌సెన్స్. సైలెంట్ అంటే హాని లేనిదని మాత్రం రాసెయ్యకండి. ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) కత్తిరింపు జరిగే చోట పడితే అదీ గొడవ చేస్తుంది.

ఇదే కోడాన్‌లో మధ్య ఏ పూర్తిగా జారిపోయి బీటా థలసీమియా (బీటా గ్లోబిన్ సరిపడా తయారుకాని జబ్బు) వచ్చేవాళ్లూ ఉన్నారు. అది ఫ్రేమ్‌షిఫ్ట్. 'పలక పడక మడత' అని రాసి 'ల' కొట్టేయండి. మూడేసి అక్షరాలుగా చదివితే 'పకప డకమ డత'. పోయింది ఒక్క అక్షరం, అక్కణ్నుంచి ఒక్క మాటా మిగల్లేదు. దీన్ని కొన్ని పుస్తకాలు పాయింట్ మ్యుటేషన్లలో (ఒక్క అక్షరం దగ్గర జరిగే మార్పుల్లో) కలుపుతాయి, కొన్ని విడిగా పెడతాయి. పరీక్షలో మాత్రం మీ సిలబస్ పుస్తకం ఎలా చెబితే అలాగే రాయండి.