బార్ గ్రాఫ్ గీస్తాడు, చదవలేడు అంటే: ముందు రంగు పెన్సిళ్లు దాచిపెట్టండి

"మా బాబు మూడో తరగతి. బార్ గ్రాఫ్ ముద్దుగా గీస్తాడు, అందులో ఏముందంటే నోరు తెరవడు" అని అడిగారు. గీయడమే నేర్పితే గీయడమే వస్తుంది మరి. మా మనుమరాలి నోట్‌బుక్కు కూడా అంతే, కమ్మీలకు ఏడు రంగులు, పేజీకి టీచరు పెట్టిన నక్షత్రం.

మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. ఒక వారం కాయ బాగా రాలింది. ఏ రోజువి ఆ రోజు గంపల్లో వేరుగా పెట్టి, ఆదివారం నాడు వరండాలో రోజుకొక వరుస పేర్చమన్నాను. సోమవారానివి ఎనిమిదే, కానీ ఒక్కోటి పిడికిలంత. మంగళవారానివి పది, అన్నీ పిందెలే.

"సోమారమే ఎక్కువ తాతా, చూడు ఎంత పొడుగున్నదో!"

ఎంచమంటే ఎంచింది. పది అని తనే చెప్పింది. అయినా సోమారమే ఎక్కువ అంటుంది! లోపలి నుంచి మా ఇంటామె, "ముసలోనికి పని లేదు, పిల్లకు చదువు లేదు" అని ఒకటే సణుగుడు.

మా వరండాలో అడుగు సైజు షాబాదు బండలు. గోడ దగ్గర మొదలుపెట్టి, బండకు ఒక్కటే కాయ పెట్టమన్నాను. మంగళవారం వరుస రెండు బండలు ముందుకొచ్చింది. పిల్ల కాసేపు అట్లే నిలబడి చూసింది. తర్వాత బండకు రెండు కాయలన్నాను. తొమ్మిది రాలిన రోజున చివరి బండ మీద ఒక్కటే మిగిలింది; కమ్మీ గడి సగంలో ఎందుకు ఆగుతుందో నేను చెప్పే పనే పడలేదు.

ఇంకొకటి. "ఏది అన్నిటికంటే పెద్దది?" అని అడగకండి, అది చూపు పరీక్ష. "సోమారం కంటే మంగళారం ఎన్ని ఎక్కువ?" అని అడగండి. 1786లో, బార్ గ్రాఫ్‌కు ఆద్యుడని చెప్పే విలియం ప్లేఫెయిర్ స్కాట్లాండు ఎగుమతి దిగుమతులను కమ్మీలుగా గీసింది కూడా దేశానికీ దేశానికీ పోల్చి చూడటానికే.

పెద్దలకు మాత్రం వస్తుందా? మొన్న బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు బడి ఫ్లెక్సీ. నిరుడు 92 శాతం పాసు, ఈసారి 96. రెండో కమ్మీ మొదటిదానికి మూడింతలు! జనం నోరు వెళ్లబెట్టి చూస్తున్నారు. మా పిల్ల మాత్రం కమ్మీల అడుగున 90 అని రాసి ఉన్నది చదివి,

"వీళ్లు గోడ కాడి నుంచి పేర్చలేదు తాతా" అన్నది.