కాలి నొప్పితో 21 కిలోమీటర్లు పరుగెత్తబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి అత్త ఆశీస్సులు.

ఆగస్టులో హైదరాబాదు హాఫ్ మారథాన్‌కు నువ్వు పేరు ఇచ్చావని ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే గుమ్మం దిగి పక్కింటివాళ్లకు చెప్పి వచ్చాను. 28 ఏళ్లు బడిపిల్లల్ని మైదానం చుట్టూ పరుగెత్తించాను గానీ, మన ఇంట్లోంచి ఒక్కరూ ఇటు రాలేదన్న వెలితి ఉండేది. తిరిగి వచ్చి ఫోన్ అందుకున్నాక మీ అమ్మ రెండో మాట చెప్పింది. మూడు వారాలుగా నీ ఎడమకాలు నొప్పట, మెట్లు దిగుతుంటే పళ్లు బిగపడుతున్నావట, అడిగితే "మాత్ర వేసుకుంటే పోతుందిలే" అంటున్నావట. ఆ మాత్ర అన్న మాటకు నాకు రాత్రంతా నిద్ర లేదు.

బూట్లు పాతవైతే ఇప్పుడే మార్చు, పరుగు నాడు కొత్తవి వేసుకోకు. వారం వారం దూరం కొద్దికొద్దిగానే పెంచు. ముందు రాత్రి అలవాటైన అన్నమే తిను. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటి చెబుతాను, ఇప్పుడే చేసి చూడు. కుర్చీలో కూర్చుని, మోకాలి నుంచి చీలమండ దాకా ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ రా. జానెడు మేర అంతా సలుపుగా ఉంటే చాలావరకు ఎముకను అంటిపెట్టుకున్న కండ అలసిందని. వేలి మొనంత ఒక్కచోటే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నాక కూడా నొప్పి ఉంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతే, ఎముకలోనే వెంట్రుకవాసి పగులు ఉండవచ్చు. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఎక్స్‌రేలో మొదటి వారాల్లో అది కనిపించకపోవచ్చు, "ఏమీ లేదన్నారు" అని సంబరపడి వచ్చేయకు. ఎమ్మారై కావాలా అని అడుగు. నెలసరి సరిగా వస్తోందా అన్నదీ డాక్టరుకు చెప్పు. ఒళ్లు తగ్గాలని తిండి మానేసి పరుగెత్తే ఆడపిల్లలకు ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముక పగులుతుంది. సిగ్గుపడాల్సిన సంగతి కాదు, నాతో అయినా చెప్పు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ పగులు నా కాలికే పట్టింది కనుక.

2016లో నాకు 46 ఏళ్లు. విశాఖలో ఉద్యోగం, రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పరుగు. డయాలసిస్ కోసం మీ నాన్న అప్పుడు మా ఇంట్లోనే ఉండేవాడు. నువ్వు ఇంటర్ చదువుతున్నావు, నీ చదువు చెడుతుందని చాలా సంగతులు నీదాకా రానివ్వలేదు. ఇదీ వాటిలో ఒకటి.

నా మొదటి 21 కిలోమీటర్లకు ఇంకా మూడు వారాలుండగా కుడికాలు నొప్పి మొదలైంది. పిల్లలు కుంటుతూ వస్తే మైదానం బయట కూర్చోబెట్టే నేను, నా విషయానికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. పేరు ఇచ్చేశాను, బడంతా తెలిసిపోయింది, ఆగితే తల కొట్టేసినట్టు ఉంటుందనిపించింది. పరుగు నాడు చీకటితోనే లేచి రెండు నొప్పి మాత్రలు మింగాను. నీళ్లు కూడా తాగలేదు. మరుగుదొడ్డి సరిగా లేని బళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన మా తరం ఆడవాళ్లకు నోరు కట్టుకోవడం అలవాటైపోయింది. దారి పొడుగునా బల్లల మీద నీళ్లు పెట్టారు. ఒక్కచోటా ఆగలేదు.

మొదటి పది కిలోమీటర్లు కాలు మాయమైపోయినట్టే ఉంది. నొప్పి లేదు, ఎంత బాగుందో అనుకున్నాను. తిరుగుదారిలో తెన్నేటి పార్కు దగ్గర దిగుడులో, పచ్చి కొబ్బరిమట్టను చీరినట్టు లోపల సన్నగా ఏదో జరిగింది. అక్కడైనా ఆగవలసింది. మిగతా దూరం ఈడ్చుకుంటూ వెళ్లి పతకం మెడలో వేయించుకున్నాను.

సాయంత్రానికి కాలు ఆనించలేకపోయాను. అంతకంటే భయపెట్టింది వేరే ఉంది. మూత్రం చాలా తక్కువగా, టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మన ఉద్దానంలో పుట్టినవాళ్లకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష క్రియాటినిన్, ఆ మాట బడి మెట్లెక్కని వాళ్ల నోట కూడా వినిపించే నేల మనది. తోటపని చేసి వచ్చి ఒళ్లు నొప్పులకు మాత్ర మింగి పడుకోవడం మీ నాన్నకు ఎన్నో ఏళ్ల అలవాటు. మన ఊళ్లను పట్టిన ఆ మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, అందుకని మాత్రల వల్లే అని నేననను. కానీ ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు కొన్ని రకాల నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం సరిగా అందకుండా చేస్తాయని ఆ రాత్రి డాక్టరు నాకు విడమరిచి చెప్పారు.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మీ నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు, చేతిలో ఆ స్టీలు గ్లాసు. నీకు గుర్తుందా? రోజుకు ఎంత తాగాలో డాక్టరు కొలిచి చెబితే, గ్లాసు మీద మేకుతో గీత గీసుకున్నాడు. గీత దాకా పోసుకుని, నాలుక తడిసేంత చొప్పున పొద్దంతా తాగేవాడు. కాలి సంగతి అడగలేదు. "మాత్ర వేసుకున్నావా?" అన్నాడు. తల వంచుకున్నాను. "నేను అడిగినా ఇవ్వరు చెల్లీ. నీకు దారంతా పెట్టారు కదా, తాగలేకపోయావా?" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజుల్లో రక్తపరీక్ష మామూలుకు వచ్చింది. కాలికి మాత్రం మూడు నెలలు పట్టింది, అందులో ఆరు వారాలు చంక కర్రలతోనే. మీ నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లవలసిన దాన్ని, ఆయన చేత మంచినీళ్లు తెప్పించుకుని తాగాను.

అందుకే తల్లీ, ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆపమంటే ఆపేయి. ఈతకొట్టు, సైకిలు తొక్కు, ఊపిరి పట్టు తగ్గదు. కండ నొప్పేనంటే కాస్త పరుగు, కాస్త నడకగా వెళ్లు. హైదరాబాదు దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ, దిగుడులో కాలి మీద దెబ్బ ఎక్కువ పడుతుంది కనుక అక్కడ నడిచినా తప్పులేదు. దాహానికి తగ్గట్టు నీళ్లు తాగుతూ వెళ్లు, అలాగని కడుపు నిండా పట్టించకు. నొప్పి వల్ల అడుగు వంకర పోయిందంటే ఆ క్షణమే దారి పక్కన కూర్చో. పరుగు నాడు మాత్ర ముట్టనని నాకు మాట ఇవ్వు. గదమాయిస్తున్నానని బాధపడకు, మీ నాన్న ఉంటే ఇంతకంటే మెల్లగా చెప్పేవాడు, నాకు చేతకాదు.

పలాస నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీసుకున్నాను. నువ్వు పరుగెత్తినా, కాలికి కట్టుతో మంచం మీద ఉన్నా ఆ వారం నీ దగ్గరే ఉంటాను. గ్లాసు నా దగ్గరే ఉంది, తెస్తున్నాను. నీకు గీత దాటించి పోస్తాను.

మీ అత్త